బాడుగ యింటికి వారసులెవరు?
(కోయంబత్తూరు, మధుర తెలుగు కుటుంబముల చరిత్రలో ఒక అధ్యాయము)

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల మాట. ఈ రెండింటిలో పెండ్లి చేయని తెలుగు గృహస్థు అరుదు గాని, ఇల్లు కట్టలేని గృహస్థులు మన ప్రవాసమున ఎందరో కలరు. తాత బాడుగకు తీసికొనిన యింటిలో తండ్రి పుట్టి, తండ్రి పుట్టిన గదిలోనే కుమారుడును పుట్టిన కుటుంబములు కోయంబత్తూరులోను మధురలోను నేటికిని కనబడును. అట్టి యింటిలో పెద్దదిక్కు కన్నుమూసినప్పుడు, కర్మలు ముగియకముందే భార్యాబిడ్డలను వేధించు ప్రశ్న ఒకటున్నది. ఈ యింటిలో మనలను ఉండనిత్తురా? పొలమునకు, నగలకు, బ్యాంకిలోని సొమ్మునకు వారసులెవరో మనవారికి కొంత తెలియును. బాడుగ యింటికి వారసులెవరు? ఈ ప్రశ్నకు చట్టము ఏయే కాలములందు ఏయే సమాధానములు చెప్పినదో మన ఉగాది సంచిక పాఠకులకు విన్నవించుటయే మా ఉద్దేశము.

మనవారి రాక

తెలుగువారు ఈ సీమకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. పదునాలుగవ శతాబ్దిలో విజయనగర సేనలు కుమార కంపన నాయకత్వమున మధురను జయించిన నాటినుండి రాకపోకలు హెచ్చినవి. 1529లో విశ్వనాథ నాయకునితో మధుర నాయక రాజ్యము ఆరంభమైనదని చరిత్రకారులు వ్రాయుదురు. 1623 మొదలు 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని మహలు నేటికిని నిలిచియున్నది. 1736 ప్రాంతమున ఆ రాజ్యము అంతరించినను, దానివెంట వచ్చిన జనులు తిరిగి పోలేదు. కమ్మవారు, బలిజలు, రెడ్లు, కోమట్లు, పద్మశాలీలు, దేవాంగులు, అరుంధతీయులు మొదలైనవారు తమ తమ వృత్తులతో ఇచ్చటనే స్థిరపడిరి. మధురలోని నాయకర్ పుదు వీధి, కోయంబత్తూరులోని తెలుంగుపాళయము, తెలుగు బ్రాహ్మణ వీధి అను పేర్లు ఆ స్థిరనివాసమునకు సాక్ష్యములు.

భూమి దొరికినవారు నల్లరేగడిలో బావులు త్రవ్వి ప్రత్తి పండించి సొంత యిండ్లు కట్టుకొనిరి. పట్టణములు చేరినవారి గతి వేరు. 1888లో కోయంబత్తూరున స్టేన్సు దొర నూలుమిల్లును, 1892లో మధురన హార్వీవారి మిల్లును వెలసెను. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీమిల్లును స్థాపించిరి. 1930 తరువాత పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు చేరుటతో మిల్లుల సంఖ్య వేగముగా పెరిగినది. మిల్లునకు కూలి కావలెను, కూలికి గూడు కావలెను. ఒకే పెంకుటి కప్పు క్రింద వరుసగా ఏడెనిమిది కాపురములుండు లైను ఇండ్లు ఇట్లు పుట్టినవి. ముందొక గది, వెనుక వంటయిల్లు, అందరికి ఒకే బావి, ఒకే మరుగుదొడ్డి. నెలకింత అని నోటిమాటతో బాడుగ. కాగితము లేదు, రసీదు లేదు. యజమాని తెలుగువాడే యైనచో బంధువరుస పెట్టి పిలుచుకొనుచు, బాడుగ మాట పండుగనాడు ఎత్తకుండుట మర్యాద. ఈ నోటిమాటపైననే రెండు మూడు తరములు గడచినవి.

పాత న్యాయము

1882నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము బాడుగ హక్కు ఒక విధమైన ఆస్తియే. బాడుగదారు మరణించినచో ఆ హక్కు అతని వారసులకు సంక్రమించును. వినుటకు ఇది బాగుగనే యున్నది. కాని అదే చట్టము 106వ సెక్షనులో, నెలవారీ బాడుగను పదునైదు దినముల నోటీసుతో ముగించు అధికారము యజమానికి ఇచ్చినది. అనగా తండ్రినుండి కుమారునికి వచ్చు ఆస్తి పదునైదు దినముల ఆయుర్దాయము గల ఆస్తి. యజమాని మంచివాడైనచో విధవ ఆ యింటిలోనే బిడ్డలను పెంచుకొనెను. కానిచో మూటాముల్లె కట్టి పుట్టింటి దారి పట్టెను. ఆ పుట్టిల్లు నెల్లూరి సీమలోనో కడప సీమలోనో యుండెనేని ప్రయాణపు ఖర్చులకే పుస్తె తాకట్టు పెట్టవలసివచ్చెడిది.

యుద్ధము తెచ్చిన మార్పు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పట్టణములు క్రిక్కిరిసి బాడుగలు హద్దుమీరినవి. 1941లో మద్రాసు ప్రభుత్వము దేశరక్షణ నిబంధనల క్రింద గృహముల బాడుగను అదుపుచేయుచు ఉత్తరువు జారీచేసినది. 1942లో జపానువారి దాడి భయముచే మద్రాసు నగరమును విడిచి జనులు లోపలి పట్టణములకు తరలిపోయిన సంగతి పెద్దలు కథలుగా చెప్పుదురు. యుద్ధము ముగిసినను ఇండ్ల కరవు తీరలేదు. కావున 1946లో ఒక చట్టమును, 1949లో మరియొక చట్టమును వచ్చినవి. తుదకు 1960లో మద్రాసు కట్టడముల లీజు, బాడుగ నియంత్రణ చట్టము, అనగా ఆ సంవత్సరపు 18వ చట్టము, వచ్చినది. దాదాపు ఆరు దశాబ్దులు మన యిండ్లను కాచిన చట్టమిదియే.

ఈ చట్టము ప్రకారము కేవలము నోటీసు ఇచ్చి ఎవరిని వెళ్లగొట్టుటకు వీలులేదు. బుద్ధిపూర్వకముగా బాడుగ ఎగగొట్టుట, అనుమతి లేక ఇతరులకు బాడుగకిచ్చుట, యజమాని సొంత నివాసమునకు కావలసియుండుట, పడగొట్టి మరల కట్టుట మొదలగు కారణములలో ఏదో ఒకటి రెంటు కంట్రోలరు ఎదుట ఋజువు కావలెను. ఆస్తి బదిలీ చట్టపు నోటీసు సయితము ప్రత్యేకముగా అవసరము లేదనియు, అంతయు ఈ చట్టము ననుసరించియే జరుగవలెననియు 1979లో తమిళనాటి కేసొకదానిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పుచెప్పినది.

ఒక నిర్వచనములోని దయ

మన ప్రశ్నకు సమాధానము ఈ చట్టపు రెండవ సెక్షనులోని ఎనిమిదవ నిర్వచనమున నున్నది. బాడుగదారు అనగా బాడుగ చెల్లించువాడు మాత్రమే కాదు. అతడు మరణించినపుడు బ్రతికియున్న భార్య లేక భర్త, కుమారుడు, కుమార్తె, లేదా చట్టరీత్యా అతని ప్రతినిధియు బాడుగదారులే. అయితే ఒక నియమము కలదు. అట్టివారు మరణకాలమువరకు అతనితో ఆ యింటిలో కుటుంబసభ్యులుగా కలిసి జీవించియుండవలెను. దుకాణము విషయములో, మరణమువరకు వ్యాపారమున అతనితో ఎడతెగక పాల్గొని, పిమ్మట దానిని కొనసాగించువారికే ఆ హక్కు.

పాఠకులు ఇందలి న్యాయమును గమనింపగోరుచున్నాము. సొంత ఆస్తికి రక్తసంబంధము చాలును. ఎక్కడో బొంబాయిలో స్థిరపడి పదేండ్లు తండ్రి ముఖము చూడని కుమారునికిని పొలములో వాటా వచ్చును. బాడుగ యింటికి అట్లు కాదు. తండ్రికి మందు పోసి, తలుపు వేసి, దీపము పెట్టినవారికే ఆ యిల్లు. చట్టము ఇచ్చట రక్తముతోపాటు సహవాసమును అడిగినది. కుమారునితో సమముగా కుమార్తెను పేర్కొనుట మరియొక విశేషము. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆడబిడ్డకు జన్మతః హక్కు ఆంధ్రప్రదేశమున 1986నాటి చట్టముతోను తమిళనాట 1989లోను వచ్చినది. తండ్రి బాడుగ యింటిలో నిలుచు హక్కు ఆమెకు అంతకు ముందే యున్నది.

అదే 1960వ సంవత్సరమున ఆంధ్రప్రదేశముకూడ తన బాడుగ చట్టమును చేసికొన్నది. ఆ నిర్వచనములో భార్య లేక భర్త, కుమారుడు, కుమార్తె మాత్రమే కలరు. చట్టరీత్యా ప్రతినిధి అను మాట లేదు. చిన్న భేదముగా తోచును గాని దీని ఫలము పెద్దది. పెండ్లికాని ఉపాధ్యాయుడొకడు తన అక్కతో కాపురముండి మరణించెననుకొందము. తలిదండ్రులు గతించినారు, భార్యాబిడ్డలు లేరు. ఇట్టి అక్క మధురలో ఆ యింటి బాడుగదారు కాగలిగెను. గుంటూరులోనైనచో ఆ నిర్వచనము ఆమెను పేర్కొనలేదు. ప్రవాసములో అన్న, చెల్లెలు, మేనల్లుడు ఒకే కప్పు క్రింద బ్రతుకు మన కుటుంబములకు తమిళనాటి నిర్వచనము ఎంత అండగా నిలిచినదో దీనివలన తెలియగలదు.

కోర్టులు పరచిన బాట

ఒప్పందపు గడువు తీరిన పిమ్మట చట్టము అండతో ఉండు బాడుగదారు హక్కు అతని ప్రాణముతోడనే పోవునా అను వివాదము దేశమంతట నడచినది. పోదని 1976లోను, దుకాణముల విషయమునను పోదని 1985లో ఢిల్లీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనముద్వారాను సుప్రీంకోర్టు తేల్చినది. చట్టము ప్రత్యేకముగా హద్దు పెట్టినచోట మాత్రము ఆ హద్దుకు లోబడవలెను. 1989లో మరియొక ముఖ్యవిషయము స్పష్టమైనది. వారసులందరు కలిసి ఒకే బాడుగను పొందుదురు, ఎవరి గది వారికి వేర్వేరు బాడుగ కాదు. ఒకరికి అందిన నోటీసు అందరికిని అందినట్లే. అన్నదమ్ములలో ఒకడు నోటీసు అందుకొని బల్లసొరుగులో దాచినచో మిగిలినవారు తెలియదనుటకు వీలులేదు.

2005లో బెంగుళూరునుండి వచ్చిన కేసులో, భర్త విడిచిపోయిన భార్య ఆ యింటిలో నివసించుచున్నచో, ఇల్లు ఖాళీ చేయించు దావాలో భర్తకు బదులు తాను నిలిచి వాదించుకొనవచ్చునని సుప్రీంకోర్టు అంగీకరించినది. మరణముచేత మాత్రమే స్త్రీ ఒంటరి యగుననుకొనుట పొరపాటు. ఈ తీర్పు ఆ సంగతిని గుర్తించినది.

గొడుగు క్రిందికి రానివారు

1960 చట్టపు గొడుగు అందరికి పట్టలేదు. మొదటిది, దేవాలయముల యిండ్లు. గుళ్లు, చర్చీలు, మసీదులు, ధర్మసంస్థల కట్టడములను 1976 ఆగస్టులో ప్రభుత్వము ఒక ఉత్తరువుద్వారా ఈ చట్టమునుండి మినహాయించినది. పిమ్మట సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. మధురవంటి దేవాలయ నగరమున దీని ప్రభావము ఊహింపదగినదే. దేవుని యింటిలో బాడుగకున్నవారికి మానవుల యింటిలో నున్నవారికన్న రక్షణ తక్కువయైనది.

రెండవది, ఒత్తి. మధురలోను కోయంబత్తూరులోను మన బంధువులు అనేకులు యజమానికి ఒక పెద్దమొత్తము ముందుగా ఇచ్చి, నెలబాడుగ లేకుండ నివసించి, విడుచునపుడు ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొందురు. ఇచ్చట రెండు వారసత్వములున్నవి, వానిని కలుపరాదు. ఇంటిలో నివాసము ఒకటి, యజమాని తిరిగి ఇయ్యవలసిన సొమ్ము మరియొకటి. సొమ్ము మృతుని ఆస్తి. హిందువులకు 1956నాటి వారసత్వ చట్టముప్రకారము వీలునామా లేనిచో భార్య, తల్లి, కుమారులు, కుమార్తెలు సమానముగా వాటాదారులు. ఆ యింటిలో లేని కుమార్తెకును సొమ్ములో వాటా కలదు. అడ్వాన్సు సొమ్మునకును ఇదే న్యాయము. మరి నూరు రూపాయలకు మించిన స్వాధీన తాకట్టు రిజిస్టరు కావలెనని 1882 చట్టమే చెప్పుచున్నది. లక్షలు పోసి తెల్లకాగితముమీద వ్రాయించుకొని, మరణానంతరము విధవను సాక్షులకొరకు వెదకించుట ఎంతటి అన్యాయము!

మూడవది, ఉద్యోగముతో వచ్చిన యిల్లు. రైల్వే క్వార్టర్సులో కాపురమున్న మాబోటివారికి ఇది తెలిసినదే. అది బాడుగ కాదు, కొలువున్నంతకాలము ఉండుటకు అనుమతి మాత్రమే. ఉద్యోగి మరణించినచో కుటుంబమునకు రెండేండ్ల గడువు ఇత్తురు. ఆ తరువాత ఖాళీ చేయవలసినదే. మిల్లు క్వార్టర్సులకును, పురపాలక సంఘపు పారిశుధ్య ఉద్యోగుల క్వార్టర్సులకును మూలసూత్రము ఇదియే. ఉద్యోగమే యింటికి తాళపుచెవి.

నాలుగవది, స్థలము బాడుగకు తీసికొని దానిపై తామే ఇల్లు కట్టుకొన్నవారు. వీరికి 1921లో మద్రాసు నగరముకొరకు పుట్టి పిమ్మట ఇతర పట్టణములకును విస్తరించిన నగర బాడుగదారుల రక్షణ చట్టము వేరుగా నున్నది. అందు వారసులును బాడుగదారులలో చేర్చబడిరి.

యజమాని మాటయు వినవలెను

మనలో బాడుగదారులే కాదు, యజమానులును కలరు. ఒక గదిని బాడుగకిచ్చి ఆ ఆదాయముతోనే మందులు కొనుక్కొను వృద్ధురాలును యజమానియే. తాతలనాటి బాడుగ మనుమలకాలమునను అంతే యుండుటచే గోడలు కూలిపోయినను సున్నము కొట్టించు స్తోమత లేని యజమానుల నెందరినో చూచియున్నాము. న్యాయమైన బాడుగ నిర్ణయించుకొను మార్గము చట్టములో నున్నను, రెంటు కంట్రోలరు మొదలు అప్పీలు, అటుపై హైకోర్టువరకు నడచు వ్యవహారమునకు ఓపిక ఎవరికున్నది? ఇందువలన కొందరు యజమానులు ఇండ్లకు తాళము వేసి ఉంచుకొనిరి గాని బాడుగకియ్యలేదు. ఆ నష్టము క్రొత్తగా వచ్చిన తెలుగు కుటుంబమునకే తగిలినది. ఒక కుటుంబమునకు దొరికిన రక్షణ మరియొక కుటుంబమునకు తలుపు మూయునేమో యను ప్రశ్న వచ్చినది.

క్రొత్త చట్టము

ఈ పరిస్థితిలో తమిళనాడు ప్రభుత్వము 2017లో యజమానులు, బాడుగదారుల హక్కులు బాధ్యతల క్రమబద్ధీకరణ చట్టమును చేసి, 2019 ఫిబ్రవరి 22 నుండి అమలుపరచినది. 1960 చట్టము రద్దయినది. ఇపుడు బాడుగ ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెను, బాడుగ అధికారి వద్ద నమోదు కావలెను. ఒప్పందము వ్రాసికొనకపోవుటయే ఖాళీ చేయించుటకు ఒక కారణముగా పేర్కొనబడినది.

వారసుల విషయములో క్రొత్త చట్టము చెప్పునది క్లుప్తము. యజమాని మరణించినను, బాడుగదారు మరణించినను, ఒప్పందపు షరతులు వారి వారసులను బంధించును. వారికి అవే హక్కులు, అవే బాధ్యతలు. కాని మిగిలియున్న గడువువరకే. ఇందలి మార్పును పాఠకులు గ్రహింతురు గాక. పాత చట్టమున యింటిలో కలిసి బ్రతికిన సంబంధము ప్రధానము, గడువు లేదు. క్రొత్త చట్టమున కాగితము ప్రధానము, కాగితములోని గడువే హద్దు. పదునొకండు నెలల ఒప్పందములో పదవనెల చివర బాడుగదారు మరణించినచో, భార్యకు ఒప్పందమువలన మిగులునది ఒక్క నెల.

ఇతర దేశములందు

ఈ చింత మనకొక్కరికే కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున గ్లాస్గోలో బాడుగలపై స్త్రీలు ముందు నిలిచి నడపిన ఆందోళన ఫలితముగా 1915లో బ్రిటనులో బాడుగ నియంత్రణ వచ్చినది. 1920నాటి వారి చట్టము, భర్తతో నివసించిన విధవను, ఆమె లేనిచో కలిసి నివసించిన కుటుంబసభ్యుని బాడుగదారుగా గుర్తించినది. మన నిర్వచనముల పోలిక అచ్చటనే కనబడును. 1947నాటి బొంబాయి చట్టముకూడ మృతునితో నివసించిన కుటుంబసభ్యునికి ఆ హక్కు నిచ్చినది. మన పిల్లలు పలువురు చేరిన న్యూయార్కు నగరమున, బాడుగ నియంత్రణగల యిండ్లలో సాధారణముగా రెండేండ్లు కలిసి నివసించిన కుటుంబసభ్యునికి, వృద్ధులు వికలాంగులకైనచో ఒక యేడు నివసించినను, ఆ యింటిలో కొనసాగు హక్కు కలదు. కుటుంబమనగా రక్తము, పెండ్లి మాత్రమే కాదు, నిజముగా కలిసి బ్రతుకుటయే ప్రమాణమని 1989లో అచ్చటి ఉన్నత న్యాయస్థానము తీర్పుచెప్పినది. కోయంబత్తూరు లైను యింటిలోని మేనత్తకు ఈ మాట క్రొత్త కాదు.

చేయవలసిన పనులు

చరిత్ర చదివి ఊరకుండిన ప్రయోజనము లేదు. మా అల్పబుద్ధికి తోచిన కొన్ని సూచనలు మనవి చేయుచున్నాము.

ఒప్పందము వ్రాయునపుడు భర్త పేరుతోపాటు భార్య పేరునుకూడ బాడుగదారుగా చేర్పించుకొనుట మంచిది. అపుడు ఒకరు పోయినను రెండవవారు వారసులుగా కాక స్వయముగా బాడుగదారులుగానే నిలుతురు. గడువు పొడిగింపు షరతు వ్రాయించుకొనవలెను. అడ్వాన్సు, ఒత్తి సొమ్ము బ్యాంకిద్వారా చెల్లించి ఆ ఆధారము దాచవలెను. ఒత్తి పత్రము రిజిస్టరు చేయించవలెను. రేషను కార్డు, ఓటర్ల జాబితా, గ్యాసు పుస్తకములందు ఇంటిలో నున్నవారందరి పేర్లు ఆ చిరునామాతోనే యుండునట్లు చూచుకొనవలెను. మరణము సంభవించినచో, దుఃఖములోనైనను ఆ నెల బాడుగ తప్పనీయరాదు. యజమాని పుచ్చుకొననిచో తపాలా మనియార్డరుద్వారానో బ్యాంకిద్వారానో పంపి రసీదు ఉంచుకొనవలెను. తహశీల్దారు కార్యాలయమునుండి వారసుల ధ్రువపత్రము పొందవలెను. అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు సొమ్ము వాటాలను, నివాసమును వేర్వేరుగా మాటలాడుకొని ఒక కాగితముమీద వ్రాసికొనవలెను.

సంఘమువారికిని ఒక విన్నపము. హరికథకు, పిల్లల నాటకమునకు ఏటేట ఒక సాయంకాలము కేటాయించుచున్నాము. అట్లే ఏటికొక సాయంకాలము, న్యాయవాదియైన సభ్యునొకరిని పిలిచి, బాడుగ ఒప్పందములను తెలుగులో చదివి వినిపించు ఏర్పాటు చేసినచో ఎన్నో కుటుంబములకు మేలగును. మన స్త్రీలలో అనేకులకు తెలుగు మాటలాడుట వచ్చును, తమిళము చదువుట వచ్చును, దస్తావేజు భాష మాత్రము రెండింటను అర్థము కాదు. సంతకముపెట్టినది తాము కానిచో ఆ కాగితము ఎచ్చటనున్నదో సయితము తెలియదు.

ఐదువందల యేండ్లనాడు వచ్చిన మన పూర్వులు ఈ సీమలో చెరువులు త్రవ్విరి, మగ్గములు నాటిరి, మిల్లులు పెట్టిరి. సొంతయిల్లు కొందరికే దక్కినది. ఉగాదినాడు మామిడితోరణము కట్టుటకు గుమ్మము సొంతమైనదా బాడుగదా అని ఎవరును అడుగరు. ఆ గుమ్మమున తోరణము కట్టినచేతులు, పెద్దదిక్కు పోయిన మరునాడు తాళము ఎవరికియ్యవలెనో తెలియక వణకకుండునట్లు, ముందే వ్రాసి యుంచుట మన విధి.